మన్రో దొర గుఱ్ఱమును పోతపోసిన శిల్పి

1827వ సంవత్సరము జూలై 6వ తేదీన పత్తికొండలో సర్ తామస్ మన్రో వాంతిభేదిచే మృతినొందెను. అప్పుడాయన చెన్నపట్టణపు గవర్నరు. పదవిని విడిచి స్వదేశమునకు మఱలిపోవుటకు ముందు, తాను ఏడేండ్లు కలెక్టరుగా తిరిగిన దత్తమండలములను కడసారి చూచిపోవలెనని వచ్చియుండెను. శవమును గుత్తిలో పూడ్చిరి. 1831లో ఆ శేషమును చెన్నపట్టణపు కోటలోని సెయింటు మేరీ దేవాలయమునకు కొనిపోయిరి. పత్తికొండలో ఆయన పేర ఒక తోపు వేయించి, రాతిమెట్లతో బావి కట్టించిరి. మన్రోలప్ప యని బిడ్డలకు పేరుపెట్టుకొన్న కుటుంబములు మన సీమలో నుండెను. ఈ సంగతులు మన పెద్దలకు క్రొత్తవి కావు.

చెన్నపట్టణము చూచివచ్చినవారు మఱియొక సంగతియు చెప్పుదురు. కోటనుండి మౌంటురోడ్డునకు పోవుదారిలో, ఐలండు మైదానమునొద్ద, ఎత్తైన రాతిపీఠముపై కంచుగుఱ్ఱము నెక్కి మన్రో కూర్చుండియున్నాడు. ఆ గుఱ్ఱమునకు జీను లేదు, రికాబులు లేవు. శిల్పి వానిని చేయుట మఱచిపోయెననియు, తప్పు తెలిసిన పిమ్మట సిగ్గుచే ప్రాణము తీసికొనెననియు జనులు చెప్పుకొనుట కలదు. గుఱ్ఱముపై నున్న మనుష్యుని గూర్చి మనకు నూఱు కథలు తెలియును. దానిని చేసిన మనుష్యుని గూర్చి తెలిసినది ఈ యొక్క కథయే. అదియు అబద్ధము. ఆతడెవ్వడో, ఎట్టి చేతిపనినుండి పైకి వచ్చెనో, రికాబుల నేల విడిచెనో ఈ పూట మనవి చేయుదును.

ఆతని పేరు ఫ్రాన్సిస్ ఛాంట్రీ. ఇంగ్లండులో షెఫీల్డు పట్టణము చెంత నార్టన్ అను పల్లె కలదు. షెఫీల్డనగా కత్తులకు, కత్తెరలకు పేరుపడిన ఊరు; మన యిండ్లలోని పాత క్షౌరపుకత్తుల మీద ఆ పేరు చూచినవారు మీలో కొందఱుందురు. ఆ నార్టన్ పల్లెలో 1781 ఏప్రిల్ 7వ తేదీన ఛాంట్రీ పుట్టెను. తండ్రి వడ్రంగి, కొలదిపాటి సేద్యమును గలవాడు. పిల్లవానికి పండ్రెండవ యేట తండ్రి పోయెను. తల్లి మఱల వివాహమాడెను. బాల్యమున ఆతడు గాడిదపై పాలకడవలు వేసికొని షెఫీల్డునకు పోయి అమ్మివచ్చెడివాడని చెప్పుదురు. ఒక్క మాటలో, మన పల్లెలలోని వడ్లవారి పిల్లవాడెట్టివాడో ఆతడును అట్టివాడే.

పెద్దలు ఆతనిని షెఫీల్డులో ఒక పచారి అంగడిలో పెట్టిరి. అంగడికి పోవుదారిలో కొయ్యపై చెక్కడపుపని చేయువాని దుకాణమొకటి యుండెను. కిటికీలో పెట్టిన బొమ్మలను, చట్రములను చూచుచు కుఱ్ఱవాడు నిలిచిపోయెడివాడు. బెల్లము, మిరియాలు తూచుట తనకు వలదనియు, ఆ పనియే నేర్చుకొందుననియు పట్టుపట్టెను. 1797లో రామ్సే అను ఆ చెక్కడపుపనివాని యొద్ద ఏడేండ్ల గడువునకు శిష్యుడుగా చేర్చిరి. పగలు కొయ్య చెక్కుట, తీరికవేళల బొమ్మలు గీయుట, మట్టితో ముఖములు చేయుట, ఇదియే ఆతని చదువు. గడువు పూర్తికాకమునుపే గురువునకు ఏబది పౌనులు చెల్లించి విడుదల పొంది, తన కాళ్ళపై తాను నిలిచెను. షెఫీల్డులో మనుష్యుల రూపపటములు వ్రాసి కొంత, లండనులో దినకూలికి కొయ్య చెక్కి కొంత సంపాదించుచు చాలయేండ్లు గడపెను.

ఆ కూలిదినములకు సంబంధించిన కథ యొకటి యున్నది. తరువాతి కాలమున ఛాంట్రీ గొప్పవాడై, సామ్యుయల్ రోజర్సు అను ధనవంతుడైన కవి యింట విందునకు పోయెనట. అక్కడి చెక్కడపుబల్లను చేతితో తడవి చూచి, దీనిని చెక్కినవానిని ఎఱుగుదురా యని యింటివానినడిగెనట. రోజునకు ఐదు షిల్లింగుల కూలికి వచ్చిన పనివాడు తానేయని ఆతడే చెప్పెనట. పైకి వచ్చిన పిమ్మట పూర్వపు కూలిని దాచుకొనువారే లోకమున హెచ్చు. నిండు పంక్తిలో దానిని తానై చెప్పుకొనుటలో ఈతని నడవడి కొంత తెలియుచున్నది.

1809లో ఆతడు తన మేనరికపు పిల్లను వివాహమాడెను. ఆమె తెచ్చిన సొమ్ముతో ఇల్లు, పనిశాల ఏర్పడెను. ఎంత నేర్పున్నను, చలువరాయి కొనుటకు పైకము లేని శిల్పి కూలివాడుగనే మిగిలిపోవును. పైకము కుదిరిన రెండేండ్లకే, 1811లో, హోర్న్ టూక్ అను రాజకీయపండితుని శిరోవిగ్రహము చేసి రాజకీయ కళాశాలవారి ప్రదర్శనమునకు పంపెను. ఇచ్చట రాజకీయమనగా రాజుగారి పోషణ గలదని అర్థము. ఆ కాలమున నోలెకిన్స్ అను వృద్ధశిల్పి అందఱకును పెద్ద. ఆయన ఈ క్రొత్తవాని పనిని చూచి, తన విగ్రహమును ప్రక్కకు జరిపించి, దీనికి మంచిచోటు ఇప్పించెను. ఆ ఒక్క విగ్రహమువలన ఛాంట్రీకి పండ్రెండువేల పౌనుల పని వచ్చెనని చెప్పుదురు. 1818లో ఆ కళాశాలలో పూర్ణసభ్యుడయ్యెను; 1835లో సర్ బిరుదము వచ్చెను. నవలారచయిత వాల్టర్ స్కాటు, ఆవిరియంత్రమును బాగుచేసిన జేమ్స్ వాటు, అమెరికా దేశపు వాషింగ్టను మొదలగువారి రూపములెన్నో ఆతని పనిశాలనుండి వెలువడెను. చెన్నపట్టణపు సెయింటు జార్జి దేవాలయములోని బిషప్ హీబరుగారి చలువరాతి విగ్రహమును ఆతనిదే.

ఆతని పనులలో ఒకదానిని ప్రత్యేకముగా చెప్పవలెను. లిచ్‌ఫీల్డు దేవాలయములో 1817నాటి చలువరాతి సమాధి యొకటి కలదు. అకాలమరణమునొందిన ఇద్దఱు అక్కచెల్లెండ్రు, చిన్నపిల్లలు, ఒకరినొకరు కౌగిలించుకొని నిద్రించుచున్నట్లు దానిని చెక్కెను. దేవదూతలు లేరు, ఏడ్చుచున్న స్త్రీమూర్తులు లేరు. చూచుటకు వచ్చిన తల్లులు అచ్చటనే నిలిచి కన్నీరు పెట్టిరని వ్రాసియున్నారు. అక్కఱలేనిదానిని విడిచిపెట్టుటయే ఈతని విద్యలోని ముఖ్యమైన మర్మమని నాకు తోచుచున్నది. రికాబుల సంగతికి వచ్చునపుడు ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను.

ముఖము పోల్చుటలో ఆతడు అనుసరించిన పద్ధతియు సాదాయైనదే. ఎదుట కూర్చున్నవాని రూపము కాగితముపై పడినట్లు కనుపించు చిన్న గాజుపట్టక మొకటి ఆ కాలమున క్రొత్తగా వచ్చెను. దాని సాయముతో ముందునుండి యొకటి, ప్రక్కనుండి యొకటి రేఖాపటములు తీసికొని, వానినిబట్టి మట్టిబొమ్మ చేసెడివాడు. కూర్చున్నవానిని మాటలలో పెట్టి నవ్వించుచుండెడివాడట. బిగిసిన ముఖము మనుష్యుని నిజమైన ముఖము గాదు గదా. మట్టిబొమ్మనుండి రాతికి ఎక్కించు పనిలో చాలభాగము పనివారు చేసెడివారు. అలన్ కన్నింగుహామను కవి ఆ పనిశాలకు మేనేజరు. హెన్రీ వీక్సను శిష్యుడు తరువాత తానే గొప్ప శిల్పియయ్యెను.

ఇక కంచు. మన యిండ్లలోని కంచుపళ్ళెమునకును కంచువిగ్రహమునకును భేదము కలదు. రెండును రాగి, తగరము కలిసినవే. పళ్ళెమునకు, గంటకు తగరము ఇంచుమించు అయిదవ వంతు పడును; అందుచేత మ్రోత వచ్చును, గాని పెళుసుగా నుండును. విగ్రహమునకు రాగి తొమ్మిదిపాళ్ళు, తగరము ఒకపాలు చాలును. మన దేశపు లోహశిల్పులు మొదట మైనముతో బొమ్మను చేసి, పైని మన్ను మెత్తి, ఆరిన తరువాత కాల్చుదురు. మైనము కరగి వెడలిపోవును. ఆ ఖాళీలోనికి కరగిన లోహమును పోయుదురు. దీనిని మధూచ్ఛిష్టవిధానమందురు. పండ్రెండవ శతాబ్దమున చాళుక్యరాజు సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసమున ఈ విధానము వర్ణింపబడినది. దేవతావిగ్రహము ఒక్క పోతలో రావలయును. పగిలినచో, వెలితిపడినచో మొదటికి వచ్చును.

కాని ఏనుగంత గుఱ్ఱమును ఘనముగా పోయరాదు. లోహము వ్యర్థమగుటయే గాక, దళసరియైన చోట నిదానముగాను పలుచనిచోట వేగముగాను చల్లారి పగుళ్ళు వచ్చును. కావున లోపల మట్టిగుండ నుంచి, దానికిని పైఅచ్చునకును నడుమ అంగుళమునకు లోబడిన సందు విడిచి, ఆ సందులోనికి లోహమును పంపుదురు. గాలి వెడలుటకు దారులుండవలెను. లేకున్న అచ్చు పేలి మనుష్యులకే ముప్పు కలుగును. విగ్రహమును భాగములుగా పోసి, అతికి, ఆకురాయితో అతుకులు మాపి, ఉలితో వెండ్రుకలు, మడతలు తేర్చుదురు. ఇట్టి పని పరుల కొలిమిలో చేయించుకొనుటకంటె తనదే యుండుట మేలని ఛాంట్రీ లండనులో ఎకిల్‌స్టన్ ప్లేసను వీథిలో సొంత పోతశాల కట్టించెను. కొయ్యనుండి చలువరాతికి, చలువరాతినుండి కంచునకు ఆతడెక్కిన మెట్లివి.

మన్రో మరణవార్త చెన్నపట్టణము చేరిన పిదప, దొరలును మనవారిలో పెద్దలును కూడి జ్ఞాపకచిహ్నమునకు చందా పోగుచేసిరి. ఆ పని ఛాంట్రీకి ఒప్పగింపబడెను. ఆతడు పని మొదలిడునాటికి మన్రో లేడు. గాజుపట్టకము ముందు కూర్చుండబెట్టుటకు వీలులేదు. జీవించియుండగా ఇతరులు వ్రాసిన పటములే ఆధారము. పత్తికొండను గాని, గుత్తిని గాని, కడపను గాని శిల్పి యెన్నడు చూడలేదు. దాదాపు పదేండ్లు పట్టెను. విగ్రహము ఓడనెక్కి వచ్చి 1839లో చెన్నపట్టణమున నిలువబెట్టబడెను. ఆ సంవత్సరమే కంపెనీవారు కర్నూలు నవాబును పట్టుకొని ఆ సంస్థానమును కలుపుకొనిరి.

ఇక రికాబుల మాట. ఛాంట్రీ తన జీవితమున గుఱ్ఱపు విగ్రహములు మూడింటిని చేసెను. ఒకటి మన మన్రోది. రెండవది నాలుగవ జార్జిరాజుది. అది 1843నుండి లండనులో ట్రఫాల్గరు చౌకమున నున్నది. మూడవది వెల్లింగ్టను ప్రభువుది. లండను వర్తకశాల ముంగిట 1844లో ఆవిష్కరింపబడెను. మూడింటను జీను లేదు, రికాబులు లేవు. ఒకసారి మఱచినవాడు మూడుసార్లు మఱచునా? రాజుగారి రికాబు మఱచిన శిల్పిని లండను నగరము ఊరకే విడిచిపెట్టునా? ఆతడు 1819లో ఇటలీకి పోయెను. రోము నగరమున మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి గుఱ్ఱపు విగ్రహము పదునెనిమిది వందల యేండ్ల నాటిది కలదు. దానికి రికాబులు లేవు, ఏలయన ఆ కాలపు రోమనులు రికాబుల నెఱుగరు. యూరపు శిల్పులకు ఆ విగ్రహమే ఒజ్జబంతి. దానినిబట్టియు, కాలికిని గుఱ్ఱపు డొక్కకును నడుమ తోళ్ళు, ఇనుపకమ్ములు వ్రేలాడక గీత తేటగా కనుపించుటకును ఆతడు వానిని విడిచెనని నా అభిప్రాయము. గుఱ్ఱము మోరయెత్తి ఎగురుట లేదు, నెమ్మదిగా నిలిచియున్నది. మన్రో టోపీ లేక, కత్తి దూయక, దూరము చూచుచున్నాడు. లిచ్‌ఫీల్డు పిల్లలను చెక్కిన చేయియే ఇది.

తిరుమలలో మహాద్వారము దాటగనే ఉన్న మండపమున శ్రీకృష్ణదేవరాయల లోహప్రతిమను మీరందఱు చూచియుందురు. ఇరుప్రక్కల తిరుమలదేవి, చిన్నాదేవి. ఎంత రాజైనను చేతులు జోడించి, వచ్చిపోవు భక్తులతో సమముగా నేలపై నిలిచియున్నాడు. భుజమున పేరు చెక్కియుండనిచో ఎవరో పోల్చుకొనుటయు కష్టమే. చేసిన శిల్పి పేరు మనకు దక్కలేదు. మన్రోను చూడవలెనన్న తల యెత్తవలెను. ఈ రెండు ప్రతిమలను జతపఱచి తలచుకొన్నప్పుడు, మన సీమను ఏలినవారి రెండు తీరులు కన్నులయెదుట నిలుచును.

మన్రోను గూర్చి మన పెద్దల తీర్పు ఒక్కతీరున లేదు. ఉండవలసిన పనియు లేదు. నైజాము నవాబు 1800లో ఈ మండలములను కంపెనీకి వదలిన పిమ్మట, ఏడేండ్లు గుడారములలో తిరిగి, పొలము పొలమును కొలిపించి, నడుమ జమీందారు లేక రైతు పేరనే పట్టా వ్రాయించినది ఆయన. సర్కారు పన్ను పంటలో నూటికి నలుబదియైదు పాళ్ళు పడుచున్నదనియు, మూడవ వంతునకు దింపవలెననియు 1807లో పైవారికి వ్రాసినదియు ఆయనయే. అంతవఱకు ఆ నలుబదియైదు పాళ్ళు వసూలు చేయించినదియు ఆయనయే. వానలు తప్పిన యేట నల్లరేగడి రైతునకు మూడవ వంతును బరువే. దేశీయులకు పెద్దయుద్యోగము లియ్యనిదే పరిపాలన బాగుపడదని 1824లో ధైర్యముగా వ్రాసెను. పాళెగాండ్రను అణచి వారి కోటలను ఒట్టిగోడలు గావించెను.

ఆ పాళెగాండ్ర వంశమువాడే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. పింఛను విషయమునను, ఇనాముల విషయమునను కంపెనీవారితో తగవుపడి 1846లో తిరుగబడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో ఆతనిని ఉరితీసి, తలను ఇనుప బోనులో పెట్టి కోటపై వ్రేలాడగట్టిరి. అది 1877వఱకు అట్లే యుండెనని చెప్పుదురు. చెన్నపట్టణమున కంచురౌతు నిలిచిన ఎనిమిదేండ్లకు, మనచోట ఇట్టి ప్రదర్శనము జరిగెను. ఆ రెంటిని నిలిపిన ప్రభుత్వ మొక్కటే. నరసింహారెడ్డి పాటలను మనవారు తంబురపై పాడుకొనిరి. మన్రోలప్పయని బిడ్డలకు పేరుపెట్టుకొన్నవారును మనవారే. రెండును నిజములే, ఒకదానిచే రెండవది చెఱిగిపోదు.

విగ్రహములను పడగొట్టుట అను మాట నేడు తఱచుగా వినబడుచున్నది. అది క్రొత్తది కాదు. మంత్రి పిట్టుగారి కంచువిగ్రహమును ఛాంట్రీ పోతపోయగా 1831లో లండనులో నిలిపిరి. గిట్టని ప్రజలు ఆనాడే మోకులు తగిలించి లాగిరి. ఆ సమాచారము చెప్పగా శిల్పి భయపడలేదట. మేకులను సీసముపోసి బిగించితిని, ప్రళయమువఱకు లాగుకొనుడని నవ్వెనట. శిల్పి చేయదగిన పూచీ అంతవఱకే. మౌంటురోడ్డున నీల్ అను సేనానిది మఱియొక విగ్రహముండెను. 1857లో ఉత్తరదేశమున ప్రజలను క్రూరముగా ఉరితీయించినవాడు ఆతడు. దానిని తొలగింపవలెనని 1927లో సత్యాగ్రహులు జైళ్ళకు పోయిరి. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మట దానిని వస్తుప్రదర్శనశాలకు తరలించిరి. దాని మేకులును గట్టివే. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినను మన్రో విగ్రహమును మాత్రము కదలించినవారు లేరు.

వెల్లింగ్టను విగ్రహమునకు, ఫ్రెంచివారియొద్ద పట్టుకొన్న ఫిరంగులను కరగించి లోహమిచ్చిరి. ఆ పని సగములో నుండగనే, 1841 నవంబరు 25వ తేదీన ఛాంట్రీ లండనులోని తన యింట హఠాత్తుగా మరణించెను. అప్పటికాతనికి అఱువది యేండ్లు. గుండెజబ్బు కారణము, ప్రాణము తీసికొనెనను కథకు ఆధారము లేదు. మిగిలిన పనిని వీక్సు పూర్తిచేసెను. సంతానము లేనందున, భార్య యనంతరము ఆస్తిలో చాలభాగము తమ దేశపు చిత్రములను శిల్పములను కొని ప్రజలకొఱకు భద్రపఱచుటకు కళాశాలవారికి వ్రాసియిచ్చెను.

తన సమాధిని జీవించియుండగనే నార్టన్ దేవాలయపు దొడ్డిలో సిద్ధముచేసికొనెను. శవమును లండను నుండి ఆ పల్లెకే కొనిపోయిరి. ఆ సమాధి నిలిచియున్నంతకాలము ఆ యూరి పేదబాలురకు ఊరకే చదువు చెప్పించుటకు ఏటేట కొంత ధనము చెల్లునట్లు ఆతడు వీలునామా వ్రాసియుండెను.